అమ్మ ఎడమ చెయ్యి

మా అమ్మాయి జపనీస్ నేర్చుకుంటున్నానని చెప్పినప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన, దీన్ని ఎవడో బుట్టలో పడేశాడని. నర్సింగ్ పూర్తిచేసి గుంటూరులోనే ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. డ్యూటీలతో కళ్ళు గుంటలు పడుతున్నా నోరెత్తి ఒక్కమాట అనని పిల్ల. అలాంటిది ఒకరోజు చెప్పులు విప్పుతూ విప్పుతూ, "అమ్మా, బ్రాడీపేటలో జపనీస్ క్లాసులో చేరాను" అంది. చేరతాను కాదు, చేరాను!

"ఎందుకే?"

"ఊరికేనమ్మా. ముసలివాళ్ళను చూసుకునే పద్ధతులు కూడా నేర్పుతారు."

ఊరికే ఎవరైనా హిందీ నేర్చుకుంటారు, కుట్లూ అల్లికలూ నేర్చుకుంటారు. ఊరికే జపనీస్ నేర్చుకునేవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. దీని వెనక ఏదో ఉందని నాకు అప్పుడే గట్టిగా అనిపించింది.

నేను స్కూల్లో సోషల్ చెప్తాను. పరీక్షహాల్లో నిలబడీ నిలబడీ, ఎవరి చెయ్యి బల్ల కిందికి పోయినా నా కన్ను అటే పోతుంది. కానీ అనుమానం నాకు ఉద్యోగం ఇచ్చింది కాదు, మా అమ్మ ఇచ్చింది. మాది ప్రకాశం వైపు మిరప పండించే పల్లె. కల్లంలో ఎండిన కాయను ఏరేటప్పుడు రంగు వెలిసి డొల్లయిన తాలు కాయను అమ్మ వేళ్ళే పట్టేసేవి, కళ్ళతో పనుండేది కాదు. బజారుకెళితే చింతపండు బుట్ట అయినా, బియ్యం బస్తా అయినా, మోచేతి దాకా చెయ్యి దించి అడుగు సరుకు పైకి తీసి చూసేది. "పైన అందరూ మంచిదే పోస్తారే పిచ్చిమొహమా" అనేది నాతో. నేను ఆ చెయ్యి మనుషుల్లోకి కూడా దించుతానని మా ఆయన దెప్పుతారు. ఆయన పిడుగురాళ్లలో సున్నం బట్టీ దగ్గర పనిచేస్తూ ఆదివారాలే ఇంటికొస్తారు కాబట్టి, ఆ దెప్పుళ్ళు ఎక్కువగా ఫోన్లోనే.

అమ్మకు చలికాలం పోతూ పోతూ పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట పోయింది. మనమనేదంతా అర్థమవుతుంది, తను అనబోయేది మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆమెకు మిగిలిన నోరు. ఆసుపత్రి నుంచి అన్నయ్య ఆమెను పల్లెకు తీసుకెళ్ళాడు. అమ్మ ఎప్పుడూ ఉండేది వాడి దగ్గరే.

నేనొక ఆదివారం చెప్పకుండా వెళ్ళాను. చెప్పి వెళితే ఇల్లు సర్దిపెడతారు కదా. మిరప కోతల రోజులు. వీధి తలుపు బార్లా తీసి ఉంది, ఇంట్లో ఎవరూ లేరు. అమ్మ వసారాలో మంచం మీద ఒక్కతే ఉంది. పక్కన స్టూలు మీద నీళ్ళ గ్లాసు పెట్టి ఉంది. ఎటువైపు? కుడివైపు! పడిపోయిన చెయ్యి వైపు. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

వదిన కల్లం నుంచి పరుగున వచ్చింది. తలగుడ్డ కూడా విప్పలేదు. "ఇప్పుడే తాగించి వెళ్ళానమ్మాయ్. మబ్బు పట్టింది, కాయ తడిసిపోతుందని పరదాలు కప్పడానికి పరుగెత్తాను" అంది.

"తాగించిన గ్లాసు నిండుగా ఎట్లా ఉంది వదినా?"

"మళ్ళీ పోసి పెట్టాను."

"అటువైపా?"

అన్నయ్య వచ్చి, "ఒసేయ్, అరవబాకవే. ముందు కూర్చుని కాస్త అన్నం తిను" అన్నాడు. మీ అన్నం మీరే తినండన్నాను. ఊళ్ళో ఉన్న ఒక్క కారునూ మాట్లాడి, అమ్మ చీరలు సంచిలో కుక్కాను. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఎడమ చెయ్యి వద్దు వద్దన్నట్టు గాలిలో ఆడించింది. ఆమె మొహమాటం నాకు తెలియదా? కోడలు ఏమనుకుంటుందో, అల్లుడు ఏమనుకుంటాడో! "నువ్వూరుకోమ్మా" అని కారులో కూర్చోబెట్టాను. దారి పొడవునా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. పత్తి చేలు దాటాం, మిరప కల్లాలు దాటాం, ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

గుంటూరులో మాది మేడ మీద రెండు గదుల ఇల్లు. ముందు గదిలో అమ్మకు మంచం వేశాను. నా చేతిలోకి వచ్చింది కదా, ఇక బాగుపడుతుందనుకున్నాను. బాగుపడటం అటుంచి, తిండి మానేసింది. రాగిజావ పెడితే పెదవులు బిగించేది. ఇడ్లీ పాలలో నానబెట్టి పెడితే ఉమ్మేసేది. బీపీ మనిషని ఉప్పు తగ్గించి మెత్తగా వండిన పప్పన్నం మొహాన కొట్టినట్టు తోసేసింది. డాక్టరు గొంతు పరీక్ష చేసి, "మింగడానికి ఇబ్బందేమీ లేదమ్మా. ఆవిడ తినడం లేదు, అంతే. ఇట్లాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేయాల్సి వస్తుంది" అన్నాడు.

గొట్టమా! ఆ మనిషి కోరి కోరి కారం తినే మనిషి. ముక్కులో ప్లాస్టిక్ గొట్టంతో, చేతులు మంచానికి కట్టేయించుకుని పడుకుంటుందా? ఇంటికొచ్చి బతిమాలాను, కసిరాను, ఏడ్చాను. ఆమె గోడవైపు తిరిగింది. ఇది జబ్బు కాదు, పంతమని నాకు అనుమానం. వదిన ఫోన్లో ఏమైనా నూరిపోస్తోందేమోనని ఇంకో అనుమానం. మాట రాని మనిషికి ఫోన్లో ఏం నూరిపోస్తారే అని మా ఆయన అడిగారు. వినడానికి నోరెందుకు, చెవులు చాలవా అన్నాను.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి పుస్తకం ముందేసుకుని సాయంత్రాలు వల్లె వేసేది. "ఓచా క కోహీ. గోహాన్ క పాన్." వంటింట్లోంచి వింటూ, ఏవేవో మంత్రాలు నేర్పుతున్నారని గొణుక్కునేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి ఏంటే ఆ క, క అని అడిగాను.

"టీయో కాఫీయో. అన్నమో రొట్టో. మనం రెండింటికీ తోక తగిలిస్తాం కదమ్మా, టీయో, కాఫీయో అని. వాళ్ళు రెండు పేర్ల మధ్యలో ఒక్క క పెట్టేస్తారు. ఓచా క కోహీ."

"ఇంతోటి దానికి క్లాసు కావాలా?"

"మాట తేలికే. అడగడమే మనకు రాదని మా సార్ అంటారు. ముసలివాళ్ళను ఏం తింటారు అని అడగకూడదట, వాళ్ళకు వెతుక్కోవడం కష్టం. మనమే తేల్చేసి పెట్టకూడదట, వాళ్ళకు కోపం. రెండు వస్తువులు కళ్ళ ముందు పెట్టి, ఇదా అదా అనాలట. తర్వాత నోరు మూసుకుని ఆగాలట."

నాకు నవ్వొచ్చింది. మా ఇళ్ళల్లో గడప తొక్కినవాళ్ళను టీ తాగుతారా, కాఫీ తాగుతారా అని అడిగామంటే ఇచ్చే ఉద్దేశం లేదని అర్థం. అడక్కుండా తెచ్చి పెట్టాలి. వాళ్ళు "అబ్బే, ఇప్పుడెందుకండీ, వద్దండీ" అనాలి. మనం "ఊరుకోండి, ఎంతలో కాస్తానూ" అని చేతిలో పెట్టాలి. మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు మొహమాటం. మూడోసారి కూడా వద్దంటే, పాపం షుగరేమో అనుకోవాలి. ఆ దేశంలో ఇవేమీ లేనట్టుందే అన్నాను. అది నవ్వలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి రెండు గిన్నెలతో వచ్చింది.

ఒక గిన్నెలో పెరుగన్నం. రెండో దాంట్లో వేడన్నంలో గోంగూర పచ్చడి, నూనె కలిపి ఎర్రగా ఉంది. నేను "ఒసేయ్, బీపీ" అనేలోపల వాళ్ళ అమ్మమ్మ ముందు స్టూలు మీద కూర్చుంది.

"అమ్మమ్మా. పెరుగన్నం క గోంగూర అన్నం." అని ఊరుకుంది.

అమ్మ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఒక గిన్నెను చూసింది, ఇంకో గిన్నెను చూసింది. పిల్ల కదల్లేదు, తిను తిను అనలేదు. అప్పుడు అమ్మ ఎడమ చెయ్యి లేచింది. గోంగూర గిన్నె అంచును తాకింది.

పిల్ల నావైపు చూసి గెలిచినట్టు కనుబొమలు ఎగరేసింది. నేనొప్పుకుంటానా? "ఆగు. ఎడమవైపు ఉన్న గిన్నెను ముట్టుకుంది, అంతే. అటే కదా చెయ్యి ఆడేది" అన్నాను. గిన్నెలు లాక్కుని అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. "ఇప్పుడు అడుగు."

"అమ్మా, నువ్వు మనిషివేనా?"

"అడగవే!"

మళ్ళీ అడిగింది. అమ్మ నన్ను ఒక చూపు చూసింది. చింతపండు బుట్టలో చెయ్యి పెట్టి చూసే మనిషి చూపు. ఎడమ చెయ్యి తన ఒళ్ళంతా దాటుకుని, వంగి, కష్టపడి, కుడివైపున్న గోంగూర గిన్నెను పట్టుకుంది. ఆ పూట సగం గిన్నె తింది. ముక్కు చీదుకుంటూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ తింది. ఆ నీళ్ళు కారానికో, ఇంకెందుకో నాకు తెలియదు.

తర్వాత ఇంట్లో ఇదే వరస. నీలం చీరా, పచ్చ చీరా? కిటికీ తెరవాలా, ఫ్యానా? అమ్మ ఎడమ చెయ్యి టకటకా తేల్చేసేది. నేను ప్రతిసారీ అటూ ఇటూ మార్చి రెండోసారి అడిగేదాన్ని. తిండి కాస్త పెరిగింది. కానీ మనిషి మొహంలో వెలుగు రాలేదు. గిన్నె పూర్తికాకుండానే ఆగిపోయి కిటికీలోంచి రోడ్డు వైపు చూసేది. డాక్టరు బరువు చూసి, ఇంకా చాలదన్నాడు. గొట్టం మాట ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఈ లోపల నా పాత అనుమానం మళ్ళీ తల ఎత్తింది. ఒక ముసలావిడ చేత గోంగూర తినిపించినంత మాత్రాన ఆ క్లాసు మంచిదైపోతుందా? ఒకరోజు స్కూలు నుంచి నేరుగా ఆటో ఎక్కి బ్రాడీపేటలో దిగాను. కింద ఏదో క్లినిక్కు, దాని పక్క మెట్లెక్కితే మూడో అంతస్తులో క్లాసు. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయింది. గోడల మీద పూలచెట్ల ఫొటోలు. సార్ నడివయసు మనిషి, పొన్నూరాయన. ఆ దేశంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో కొన్నేళ్ళు పనిచేసి వచ్చానని చెప్పాడు. ఎందుకు వచ్చేశారు, వీసా ఎవరిప్పిస్తారు, మా అమ్మాయి మీకేమైనా సంతకం పెట్టిందా అని వరసపెట్టి అడిగాను. ఆయన అన్నిటికీ నిదానంగా చెప్పాడు. సంతకాలేమీ లేవట. మా అమ్మాయి వెళ్ళడానికి కాదు, నేర్చుకోవడానికే వచ్చిందట.

"ఎప్పుడు చేరింది?" అన్నాను.

"వాళ్ళ అమ్మమ్మగారికి ఒంట్లో బాగోలేక మాట పోయిందట కదండీ, ఆ వారమే. మాట రానివాళ్ళతో మాట్లాడటం నేర్పుతారా అని అడిగిందండీ మొట్టమొదట."

ఊరికేనమ్మా అంది కదా పిల్ల. వెనక ఏదో ఉందనుకున్నాను. ఉంది.

సార్ లేచాడు. "టీయా, కాఫీయా అండీ?"

"అబ్బే, ఏం వద్దండీ" అన్నాను.

"సరేనండీ" అని వెళ్ళి తనకొక్కడికే కాఫీ తెచ్చుకుని కూర్చున్నాడు!

గొంతు ఎండిపోతోంది, ఎదురుగా పొగలు కక్కే కాఫీ. పొన్నూరు మనిషి, మన మనిషే, రెండో మాట అడగలేదు. నా మొహం చూసి ఆయన నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, క్షమించండీ. అక్కడ అలవాటైపోయిందండీ. మంచంలో ఉన్నవాళ్ళు వద్దంటే వద్దే. దాన్ని మొహమాటం కింద జమ వేస్తే ఇక వాళ్ళకు వద్దనడానికి దారే ఉండదు కదండీ. తెమ్మంటారా?"

తెమ్మనలేదు. మెట్లు దిగుతుంటే అమ్మ చెయ్యి కనిపించింది. కారు దగ్గర గాలిలో ఆడిన ఎడమ చెయ్యి. ఆ వద్దును నేను మర్యాద కింద వేసుకున్నాను. ఛీ, మొహమాటపడే మనిషి దారి పొడవునా మొహం తిప్పుకుంటుందా? ప్రపంచంలో అందరినీ అనుమానించేదాన్ని, ఆ ఒక్కదాన్నీ అనుమానించకుండా నమ్మేశాను. నా ఇంట్లో ఉండటమే అమ్మకు ఇష్టమని.

ఇంటికి వెళ్ళి కాళ్ళయినా కడుక్కోలేదు. అన్నయ్య పంపిన ఎండుమిరపకాయల సంచి వంటింట్లో ఉంది. అందులోంచి ఒక కాయ తీశాను. మేకుకు తగిలించిన మా ఇంటి తాళంచెవి తీశాను. అమ్మ ముందు కూర్చుని రెండూ రెండు చేతుల్లో పట్టుకున్నాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"అమ్మా, ఇది అన్నయ్య ఇల్లు. ఇది నా ఇల్లు." అంతవరకే అన్నాను. ఆగాలి కదా, ఆగాను.

అమ్మ నా మొహంలోకి చాలాసేపు చూసింది. నిజంగానే అడుగుతున్నానా లేదా అని. తర్వాత చెయ్యి చాచి మిరపకాయ తీసుకుంది. నేను కాయ మళ్ళీ లాక్కుని చేతులు మార్చాను. మార్చకుండా ఎట్లా ఉంటాను? ఈసారి ఆమె కాయను తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నా రెండో చేతి వేళ్ళను ఒక్కొక్కటిగా తాళంచెవి మీదికి మడిచింది. నా ఇల్లు నన్ను ఉంచుకోమంది. నేను ఆమె ఒళ్ళో తలపెట్టి బావురుమన్నాను. మిరపకాయ ఘాటుకు కళ్ళు మండిపోయాయి.

ఆదివారం అందరం కారులో బయల్దేరాం. మా ఆయన ముందు సీట్లో కూర్చుని, నోరు కట్టేసుకుని ఒక్క దెప్పుడూ లేకుండా వచ్చారు. ఊరి మలుపు తిరిగి కల్లాల ఎరుపు కనిపించగానే అమ్మ మెడ సాచింది. అన్నయ్య ఆమెను ఎత్తుకుని వసారాలో దించాడు. మంచం కల్లానికి ఎదురుగా వేయించాను. నీళ్ళ గ్లాసు ఎడమవైపు పెట్టించాను, అది మాత్రం గట్టిగా చెప్పి మరీ పెట్టించాను. వదిన "పొరపాటే అమ్మాయ్, ఆ రోజు హడావుడిలో చూసుకోలేదు" అంది. నమ్మానో లేదో నాకే తెలియదు. సరేలే అన్నాను.

కాసేపటికి అమ్మ చెయ్యి ఊపి ఏదో చూపించింది. మా అమ్మాయి వెళ్ళి ఒక చేటలో కాయలు తెచ్చి ఆమె పక్కన పెట్టింది. అమ్మ ఎడమ చేత్తో కాయలను కదిపింది. అలవాటు లేని చెయ్యి, రెండు మూడుసార్లు తడబడింది. తర్వాత ఒక తాలు కాయను పట్టుకుని మంచం కిందికి విసిరేసింది. అన్నయ్య గట్టిగా నవ్వాడు, నవ్వి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం వేళ. వదిన కంచంలో అన్నం, గోంగూర వడ్డించి తెచ్చింది. నేను కూడా అమ్మ పక్కకు వచ్చి కూర్చున్నాను. సాయంత్రం వెళ్ళిపోతాను, ఒక్క పూట నా చేత్తో పెడదామని. వదిన కంచం పట్టుకుని అటువైపు నిలబడింది. నాకిమ్మని అడగడానికి నోరు రాలేదు, ఇస్తానని ఆమె అనలేదు. మా అమ్మాయి మా ఇద్దరినీ చూసి, మెల్లగా అంది.

"అమ్మమ్మా. అత్తయ్య క అమ్మ."

అందరం ఆగాం. అమ్మ వదినను చూసింది, నన్ను చూసింది. ఎడమ చెయ్యి లేచి నా మోకాలి మీద పడింది.

వదిన కంచం నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను ముద్ద కలిపాను. మా అమ్మాయి నా వైపు అదోలా చూస్తోంది, ఇంకా ఏదో ఎదురుచూస్తున్నట్టు. అది దేనికో నాకు తెలుసు. నేను కూర్చున్నది ఎడమవైపు, చెయ్యి ఆడే వైపు. చూసుకునే కూర్చున్నాను. వదినను ఇటు రమ్మని, నేను అటు వెళ్ళి ఇంకోసారి అడిగించే ధైర్యం నాకు లేకపోయింది. అమ్మ నోరు తెరిచింది, ముద్ద పెట్టాను.